అడగక్కర్లేని డబ్బు

"నమ్మకం ఉన్నచోట లెక్కలెందుకు?" మన ఇళ్ళలో ఈ మాట విననివాళ్ళు ఉండరు. అన్నదమ్ముల మధ్య వినిపిస్తుంది, స్నేహితుల మధ్య వినిపిస్తుంది, అందరికంటే ఎక్కువగా భార్యాభర్తల మధ్య వినిపిస్తుంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. లెక్కలు అపనమ్మకంలోంచి పుడతాయని, ప్రేమ ఉన్నచోట నీది నాది ఉండకూడదని, మొగుడూ పెళ్ళాలకి వేర్వేరు బ్యాంకు ఖాతాలున్నాయంటే ఎక్కడో ఏదో తేడా కొట్టిందని ఆ మాట వెనక ఉన్న అర్థం. ఈ మాటని అనేవాళ్ళు ఎవరా అని గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. చాలావరకు లెక్క ఎవరి చేతిలో ఉందో వాళ్ళే అంటారు. చేతిలో ఏమీ లేనివాళ్ళు ఈ మాట అనగా నేను పెద్దగా వినలేదు. వాళ్ళు విని ఊరుకుంటారు.

ఉన్న ఊరు, చేస్తున్న ఉద్యోగం వదిలేసి, భాగస్వామి ఉన్న ఇంకో దేశానికి వెళ్ళిన మనిషికి ఈ ప్రశ్న మొదటి వారంలోనే ఎదురవుతుంది. అది కూడా బ్యాంకు ఖాతా రూపంలో. నిన్ను ప్రేమించే మనిషి, నువ్వు అడిగింది ఏదీ కాదనని మనిషి పక్కనే ఉన్నప్పుడు, నీ పేరు మీద ఒక ఖాతా ఉండటానికీ లేకపోవడానికీ నైతికంగా ఏమైనా తేడా ఉందా? లేక అదంతా ఉత్త అహమా? కొన్ని నెలలుగా నేను ఆలోచిస్తున్నది దీని గురించే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ప్రశ్న గాల్లో ఉంటుంది. మా ఆవిడ టెక్సస్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తుంది. నేను హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, రాజీనామా ఇచ్చి, హెచ్-4 మీద తన దగ్గరికి వెళ్ళాను. హెచ్-4 అంటే డిపెండెంట్ వీసా. ఆ వీసా ఉన్నవాళ్ళలో కొందరికి 2015 నుంచి ఉద్యోగం చేసుకునే అనుమతి దొరుకుతోంది. కానీ దానికి హెచ్-1బి మీద ఉన్న మనిషి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాలి. మాది ఇంకా దాటలేదు. పని చేసే అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఆ తొమ్మిది అంకెలు లేకుండా అమెరికాలో ఏ కౌంటర్ దగ్గర నిలబడ్డా అవతలి మనిషి మొహంలో ఒక చిన్న ఇబ్బంది కనిపిస్తుంది.

చట్టం నిజానికి అంత కఠినంగా లేదు. 2001 నాటి పేట్రియట్ యాక్ట్ తర్వాత వచ్చిన గుర్తింపు నిబంధనల ప్రకారం, అమెరికన్ కానివాళ్ళు పాస్‌పోర్టు నంబరు, దాన్ని ఇచ్చిన దేశం పేరు చూపించి కూడా ఖాతా తెరవచ్చు. కాకపోతే 'తెరవచ్చు' అంటే బ్యాంకుకి వీలుంది అని, తెరిచి తీరాలని కాదు. నేను వెళ్ళిన ఒక బ్రాంచిలో ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. ఇంటి చిరునామాకి రుజువు అడిగాడు. లీజు తన పేరు మీద ఉంది, అందులో నేను కేవలం ఆ ఇంట్లో ఉండే మనిషిని. కరెంటు బిల్లు తన పేరు మీదే. ఇంటర్నెట్ బిల్లు తన పేరు మీదే. అన్నీ చూసి, "మీ ఆవిడని తీసుకుని రండి, ఆవిడ ఖాతాలో మీ పేరు కలిపేద్దాం, అదే సులువు" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. నిజంగా అదే సులువు.

అదే సమయంలో ఇండియాలో ఉన్న నా ఖాతా కూడా వేషం మార్చుకోవాల్సి వచ్చింది. ఎంతకాలమో తెలియకుండా దేశం దాటిన మనిషి 1999 నాటి ఫెమా చట్టం లెక్కలో నాన్-రెసిడెంట్. అతని మామూలు సేవింగ్స్ ఖాతా ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మారాలి. అక్కడి డబ్బు ఇక్కడికి తెచ్చుకోవచ్చు, దానికి పన్నుల కాగితాలు కావాలి, ఓటీపీ రావడానికి ఇండియా సిమ్ బతికుండాలి. సిబిల్ స్కోరు ఎంత బాగున్నా విమానం ఎక్కదు. ఇక్కడ ఫైకో స్కోరు మొదలవ్వాలంటే కనీసం ఆర్నెల్ల వయసున్న అప్పు ఖాతా ఒకటి నీ పేరు మీద కనిపించాలి. అంటే తొమ్మిదేళ్ళు సంపాదించి, ఈఎంఐలు కట్టి, పన్నులు కట్టిన మనిషికి ఇక్కడ గతం లేదు. మంచి గతమో చెడ్డ గతమో కాదు, అసలు లేదు.

మా వృత్తిలో ఆథెంటికేషన్, ఆథరైజేషన్ అని రెండు మాటలున్నాయి. మొదటిది నువ్వు ఎవరో తేల్చడం. రెండోది నీకు ఏయే పనులకి అనుమతి ఉందో తేల్చడం. కొత్తగా చేరినవాళ్ళు ఈ రెండిటినీ తెగ కలిపేస్తుంటారు. డిపెండెంట్ స్థితి విచిత్రం ఏమిటంటే, అక్కడ మొదటిది జరగకుండానే రెండోది జరిగిపోతుంది. నువ్వు ఎవరో ఆ వ్యవస్థకి అక్కర్లేదు. ఫలానా ఆవిడ తాలూకు మనిషివి, కాబట్టి ఈ కార్డు వాడుకోవచ్చు. వారం తిరక్కుండానే నా పేరు అచ్చువేసిన క్రెడిట్ కార్డు వచ్చింది. పేరు నాది, ఖాతా తనది, బిల్లు తనకి వస్తుంది. జాయింట్ ఖాతాలోనూ నా పేరు చేరింది. దుకాణంలో నేను ఏం కొన్నా ఆపేవాళ్ళు లేరు.

మరి తక్కువైందేమిటి?

మొదట్లో నాకూ స్పష్టంగా తెలియలేదు. తన పుట్టినరోజుకి చెవిదుద్దులు కొన్నాను. దుకాణంలోంచి బయటికి వచ్చేలోపే తన ఫోన్‌కి మెసేజ్ వెళ్ళింది, ఎక్కడ కొన్నానో, ఎంత పెట్టానో. ఇంటికెళ్ళేసరికి తను నవ్వుతోంది. నేనూ నవ్వాను. అలర్ట్‌లు ఆపేయడం ఒక నిమిషం పని, ఆపేశాం కూడా. కానీ అలర్ట్ ఆపినంత మాత్రాన అది నేనిచ్చిన బహుమతి అవుతుందా? తన జీతంలోంచి తీసి తనకే ఇచ్చి, ఏం ఇచ్చాను అనుకోవాలి?

ఇంకొకటి ఇంతకంటే లోతైనది. అమ్మకి నెలనెలా పదిహేను వేలు పంపడం నాకు ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు అది జాయింట్ ఖాతాలోంచి వెళ్తుంది. మా ఆవిడ ఒక్కసారి కూడా ఎందుకు అనలేదు, ఎంత అనలేదు. "ఇరవై పంపకూడదూ" అని తనే అంది. అయినా మూడో నెలకి నాలో ఒక కొత్త అలవాటు కనిపించింది. డబ్బు పంపే ముందు మనసులో ఒక వాక్యం తయారు చేసుకుంటున్నాను. "ఈ నెల కారు ఇన్సూరెన్స్ కూడా ఉంది కదా, అందుకే కొంచెం ఆగి పంపుతా." "అమ్మకి కళ్ళ పరీక్ష ఉంది, వచ్చే నెల సర్దుదాం." ఎవరూ అడగని ప్రశ్నలకి నేను సమాధానాలు రాసిపెట్టుకుంటున్నాను. ఒక పుస్తకం కొనాలన్నా, ఒక కోర్సులో చేరాలన్నా ముందు ఆ సమాధానం సిద్ధం కావాలి. సమాధానం బలంగా లేదనిపిస్తే కోరిక అక్కడే ఆగిపోతుంది. మా ఆవిడ కాదనలేదు. కాదనే అవకాశం తన దాకా వెళ్ళనే లేదు.

ఈ పరిస్థితికి రాజకీయ తత్వశాస్త్రంలో ఒక పేరుంది. ఫిలిప్ పెటిట్ అనే ఐరిష్ తత్వవేత్త 1997లో వచ్చిన 'రిపబ్లికనిజం' అనే పుస్తకంలో స్వేచ్ఛ గురించి ఒక తేడా చూపించాడు. నా దారికి ఎవరూ అడ్డం రాకపోవడం ఒక రకం స్వేచ్ఛ. అడ్డం రాగలిగే అధికారం ఎవరి చేతిలోనూ లేకపోవడం ఇంకో రకం. యజమాని ఎంత దయగలవాడైనా, కొరడా ఎన్నడూ ఎత్తకపోయినా, బానిస బానిసే. ఎందుకంటే అతని రోజు ప్రశాంతంగా గడవడం యజమాని మంచితనం మీద ఆధారపడి ఉంది. రేపు ఆ మంచితనం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందుకే బానిస యజమాని మొహం చదవడం నేర్చుకుంటాడు. భార్యాభర్తల సంబంధాన్ని బానిసత్వంతో పోల్చడం నా ఉద్దేశం కాదు, ఆ పోలిక మా ఇద్దరికీ అన్యాయం. కానీ ఎవరూ అడగని ప్రశ్నకి సమాధానం సిద్ధం చేసుకోవడం ఎక్కడినుంచి పుడుతుందో ఈ తేడా చెప్తుంది. చెడ్డ మనిషి ఉంటేనే అది పుట్టాలని లేదు, ఏర్పాటు అలా ఉంటే చాలు.

పెటిట్ 2014లో రాసిన ఇంకో పుస్తకాన్ని ఇబ్సెన్ నాటకం 'ఎ డాల్స్ హౌస్'తో మొదలుపెడతాడు. 1879 నాటి ఆ నాటకం మనలో చాలామందికి చివర్లో నోరా ఇల్లు వదిలి వెళ్ళడం వల్ల గుర్తు. నాకు ఈసారి చదువుతుంటే అది మొదటి నుంచి చివరిదాకా బ్యాంకు కథలా కనిపించింది. భర్త హెల్మర్ కొత్త సంవత్సరంలో బ్యాంకు మేనేజర్ కాబోతున్నాడు. అతని ప్రాణం కాపాడటం కోసమే నోరా కొన్నేళ్ళ కిందట రహస్యంగా అప్పు తెచ్చింది. భర్త ఒప్పుకోకుండా భార్య అప్పు తీసుకోవడానికి వీల్లేని కాలం అది. కాబట్టి హామీ కోసం తండ్రి సంతకం తనే పెట్టేసింది. ఆ అప్పు తీర్చడానికి ఇంటి ఖర్చుకిచ్చిన డబ్బులోంచి, తన బట్టలకిచ్చిన డబ్బులోంచి కొంచెం కొంచెం మిగిల్చింది. హెల్మర్ ఆమెని కొట్టడు. ముద్దుపేర్లతో పిలుస్తాడు, అడిగితే డబ్బిస్తాడు. ఇచ్చేటప్పుడు దుబారా మీద చిన్న ఉపన్యాసం కూడా ఇస్తాడు. నోరా సమస్య డబ్బు దొరక్కపోవడం కాదు. ఆమె చేసిన అత్యంత ప్రేమగల పనికి ఆ ఇంట్లో చట్టబద్ధమైన దారి లేకపోవడం.

ఇంటి ఖర్చులో మిగిల్చి దాచడం అనగానే మనకి నార్వే దాకా వెళ్ళాల్సిన పనిలేదు. పోపుల డబ్బాలు, బియ్యం డబ్బాలు, బీరువాలో పట్టుచీర మడతలు మనకున్నాయి. ఆ డబ్బుని ఇంట్లో మగవాళ్ళు సరదాగా దొంగ డబ్బు అంటారు. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటించాక దేశంలో ఎన్ని ఇళ్ళలో ఆ డబ్బాలు బయటపడ్డాయో. రెండున్నర లక్షల దాకా గృహిణులు వేసే డిపాజిట్ల మీద విచారణ ఉండదని ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఆదాయపన్ను శాఖ అడగకపోయినా ఇంట్లోవాళ్ళు అడిగారు. మా ఇంట్లో అమ్మ బియ్యం డబ్బాలోంచి 14 వేలు తీసి నాన్న ముందు పెట్టింది. "ఇంట్లోనే బ్యాంకు నడుపుతున్నావే" అని నాన్న పెద్దగా నవ్వాడు. ఆయనకి కోపం రాలేదు, ఒక్క రూపాయి వాడుకోలేదు, మొత్తం అమ్మ ఖాతాలోనే వేయించాడు. అమ్మ మాత్రం రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ మౌనం నాకు అప్పట్లో అర్థం కాలేదు. పోయింది డబ్బు కాదు, ఆ డబ్బు గురించి ఎవరికీ చెప్పక్కర్లేకపోవడం.

పోపుల డబ్బా డబ్బుని రహస్యం అంటాం గానీ దాని అసలు గుణం రహస్యం కాదు. అందులోంచి తీసి కూతురి చేతిలో పెట్టడానికి, పనమ్మాయి పిల్లాడి ఫీజు కట్టడానికి, తిరుపతి హుండీలో వేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అడగకుండా చేసే దారి మామూలుగా లేదు కాబట్టి అది రహస్యం కావాల్సి వచ్చింది. సొంత ఖాతా అనేది పగటిపూట, అందరికీ తెలిసేలా ఉండే పోపుల డబ్బా.

ఇక్కడ ఎదురు వాదన ఒకటి ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. కుటుంబం అంటే నలుగురు వాటాదారుల కంపెనీ కాదు. ఇద్దరు మనుషులు ప్రతి రూపాయికీ గీత గీసుకుని బతికితే అది కాపురమా, హాస్టల్ రూమా? ఉమ్మడి కుటుంబాల్లో పెరిగిన మన పెద్దవాళ్ళకి లెక్కలు ఇళ్ళని ఎలా విడగొడతాయో తెలుసు. పైగా, బ్యాంకు గుర్తిస్తేనే మనిషిని అవుతానని అనుకోవడం కూడా ఒక రకమైన లొంగుబాటే కదా అని అడగొచ్చు. బ్యాంకులు లేని కాలంలో మనుషులకి ఆత్మగౌరవం లేదా?

రెండో ప్రశ్నకి జవాబు చెప్పడం తేలిక. డబ్బుతో పనిలేని ఊళ్ళో ఖాతా లేకపోవడం లోటు కాదు. అద్దె, మందులు, ఫోన్, బస్సు అన్నీ ఖాతాలోంచే నడిచే ఊళ్ళో అది లేకపోవడం అంటే ఎవరో ఒకరు తోడు లేకుండా గడప దాటలేకపోవడం. తను ఒకవేళ ఆస్పత్రిలో ఉంటే, ఖాతా తన ఒక్కదాని పేరు మీదే ఉంటే, ఆ నెల అద్దె నేను కట్టలేను. ఇందులో తత్వం ఏమీ లేదు.

మొదటి ప్రశ్న కష్టమైనది. 'అంతా మనదే' అన్న మాటలో నిజం ఉంది. కానీ ఆ మాట ఎవరికి కలిసొచ్చిందో చూడాలి. పెళ్ళిలో ఆడపిల్ల తెచ్చుకున్న నగలు, సామాన్లు అత్తవారింట్లో అడుగుపెట్టగానే ఇద్దరి ఉమ్మడి సొత్తు అయిపోతాయా అన్న ప్రశ్న మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985లో ప్రతిభా రాణి కేసులో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. స్త్రీధనం ఆమెకి మాత్రమే చెందుతుందని, అది భర్త దగ్గర ఉంటే నమ్మి అప్పజెప్పిన సొమ్ము కింద లెక్కని తేల్చింది. 'మనదే' అనే తీయటి మాట 'నీది కాదు' అని చెప్పడానికి ఎంత సులువుగా పనికొస్తుందో ఆ కేసు చూపిస్తుంది.

టెక్సస్ చట్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. అమెరికాలో కమ్యూనిటీ ప్రాపర్టీ పద్ధతి పాటించే తొమ్మిది రాష్ట్రాల్లో అది ఒకటి. పెళ్ళయ్యాక భార్యాభర్తల్లో ఎవరు సంపాదించినా అది మామూలుగా ఇద్దరిదీ. అంటే మా ఆవిడ జీతంలో నాకూ హక్కుంది, నేను ఇంట్లో కూర్చున్నా సరే. ఇది చదివినప్పుడు నాకు కాస్త ఊపిరాడింది. తర్వాతి భాగం చదివితే అసలు సంగతి అక్కడ ఉంది. ఎవరి జీతం మీద వాళ్ళకే నిర్వహణ అధికారం. సొమ్ము ఇద్దరిది, తాళంచెవి ఒకరిది. 'అంతా మనదే' అనే మాటలో ఉన్న చిక్కుని ఇంత నిజాయితీగా ఒప్పుకున్న మాట నేను ఇంకెక్కడా చదవలేదు. సొంతం కావడం ఒకటి, వాడుకోగలగడం ఒకటి, అడక్కుండా ఉండగలగడం ఇంకొకటి. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే, ఆ మొదటి రెండూ కాగితం మీదే ఉంటాయి.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. హెచ్-4 మీద ఉన్నవాళ్ళలో అత్యధికులు ఆడవాళ్ళు, అందులోనూ ఎక్కువమంది మన దేశం వాళ్ళు. ఎంటెక్‌లు, ఎంబీబీఎస్‌లు చదివినవాళ్ళు. వీకెండ్ పార్టీల్లో నా సంగతి తెలియగానే మగవాళ్ళు భుజం మీద చెయ్యేసి, "కష్టమే బ్రో, ఎలా మేనేజ్ చేస్తున్నావ్?" అంటారు. అదే గదిలో, అదే వీసా మీద, ఏడేళ్ళుగా అదే పరిస్థితిలో ఉన్న వాళ్ళ భార్యల్ని ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. వాళ్ళకి దక్కేది, "నీకేం వదినా, హాయిగా ఇంట్లో ఉంటావు." నా విషయంలో అన్యాయంలా కనిపించేది వాళ్ళ విషయంలో అదృష్టంలా ఎలా కనిపిస్తుంది? ఫ్రాన్స్‌లో పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా ఖాతా తెరవగలిగింది 1965 చట్టం తర్వాతే. అమెరికాలో అప్పు ఇచ్చేటప్పుడు ఆడా మగా అని, పెళ్ళయిందా లేదా అని వివక్ష చూపకూడదన్న చట్టం 1974లో వచ్చింది. మా నాన్న తరం నాటి సంగతులివి, పాతరాతియుగం కాదు. చట్టం మారాక కూడా మన చూపులో ఆ పాత పద్ధతే మామూలుగా కనిపిస్తోంది. మగవాడు ఆ చోట నిలబడితే తప్ప అది ఒక సమస్యలా కళ్ళకి ఆనదు.

ఇదంతా ఒకరోజు రాత్రి మా ఆవిడతో అన్నాను. నా పేరు మీద విడిగా ఖాతా ఒకటి కావాలి అన్నాను. తను కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేనేం తక్కువ చేశాను?" అంది. అది న్యాయమైన ప్రశ్న. ఏమీ తక్కువ చేయలేదని చెప్పాను. "వెళ్ళిపోవడానికి కాదు కదా?" అని నవ్వుతూనే అడిగింది గానీ మొత్తం నవ్వు కాదది. కాసేపయ్యాక తన వైపు నుంచి ఒక మాట చెప్పింది. నేను ఏదైనా కొనే ముందు ఆగడం తను గమనిస్తూనే ఉందట. "నువ్వు ఆగినప్పుడల్లా నేను అమ్మో, ఇంట్లో పెద్దరికం చేస్తున్నానా అనిపిస్తుంది. ఆ ఉద్యోగానికి నేను అప్లై చేయలేదు" అంది.

ఆ మాట నా ఆలోచనని ఒక అడుగు ముందుకి నెట్టింది. ఈ ఏర్పాటులో అడిగేవాడికి ఒక బరువు ఉంటే, అడిగించుకునేవాళ్ళకి ఇంకో బరువు. హెల్మర్‌కి బ్యాంకు మేనేజర్ గిరీ ఇంట్లో కూడా సరదాగానే ఉండేది. మా ఆవిడకి లేదు. ప్రేమించే మనిషి తన మొహం చదువుతూ బతకడం ఎవరికి కావాలి? అలా చూస్తే సొంత ఖాతా నాకోసం మాత్రమే కాదు. నా మీద తనకి అక్కర్లేని అధికారాన్ని తన చేతిలోంచి తీసేయడం కూడా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది కూడా తనే అడిగింది. "ఖాతా నీదే, సరే. అందులో పడేది నా జీతమే కదా. రేపు నేను వేయడం మానేస్తే?" ఈ ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. సంపాదన ఒకరిదే అయినంతకాలం ఆధారపడటం పూర్తిగా పోదు. కానీ ఇంజనీర్లకి తెలిసిన ఒక చిన్న విషయం ఇక్కడ పనికొస్తుంది. ఏ వ్యవస్థలోనైనా ఎవరూ ఏమీ చేయనప్పుడు ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. దాన్ని డిఫాల్ట్ అంటాం. ఫైర్‌వాల్‌లో చివరి నియమం ఏమిటన్నదాన్ని బట్టి మిగతా అంతా మారిపోతుంది. నేను అడిగితేనే డబ్బు వచ్చే ఏర్పాటులో, ఇద్దరం నోరు మెదపకపోతే జవాబు 'లేదు'. నా ఖాతాలో నెలనెలా దానంతట అది పడే ఏర్పాటులో, ఇద్దరం నోరు మెదపకపోతే జవాబు 'ఉంది'. రెండిటిలోనూ డబ్బు అంతే కావచ్చు. మాట్లాడాల్సిన భారం ఎవరిదన్నది మారింది. మొదటిదాంట్లో నేను కారణం చెప్పాలి. రెండోదాంట్లో ఆపాలనుకున్న మనిషి కారణం చెప్పాలి.

ఇక్కడ చాలా కంపెనీల్లో జీతాన్ని నేరుగా రెండు మూడు ఖాతాలకి పంచే వీలుంది. ఇంకో బ్యాంకు పాస్‌పోర్టు మీద నా ఖాతా తెరిచింది. తన జీతంలో ఇద్దరం అనుకున్న భాగం ఇప్పుడు తన ఖాతాని తాకకుండానే నా దాంట్లో పడుతుంది. ఇంకొంత జాయింట్ ఖాతాకి వెళ్తుంది, ఇల్లు దానిమీద నడుస్తుంది. తను నాకు ఇస్తున్నట్టు లేదు, చట్టం ఎలాగూ ఇద్దరిదీ అన్నదాన్ని పంచుకున్నట్టు ఉంది.

ఇలాంటి ఆలోచనలకి బృహదారణ్యకోపనిషత్తులో ఒక సన్నివేశం నాకు తోడొచ్చింది. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి వెళ్ళబోతూ, ఉన్నదాన్ని భార్యలిద్దరికీ, మైత్రేయికీ కాత్యాయనికీ పంచుతానంటాడు. భూమి నిండా సంపద నాదైనా దానివల్ల అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదంటాడు. అయితే అది నాకెందుకు, నీకు తెలిసింది చెప్పు అంటుంది. సంపద కంటే జ్ఞానం గొప్పదని చెప్పడానికి అందరూ ఈ కథ వాడతారు. నాకు మాత్రం ఆ వరసే ముఖ్యమనిపిస్తుంది. ముందు పంపకం, తర్వాత వైరాగ్యం. తన వాటా తన ముందుకి వచ్చింది కాబట్టే మైత్రేయి దాన్ని కాదనగలిగింది. లేనిదాన్ని వద్దనడానికి ఎవరికీ వీలుండదు. ఇక కాత్యాయని ఏమనుకుందో ఆ ఉపనిషత్తు చెప్పదు. ఆమె వాటా ఆమె తీసుకునే ఉంటుంది, తీసుకుని ఏం చేసిందో ఎవరికీ చెప్పాల్సిన పని పడి ఉండదు. ఆమె మీద నాకు ఈమధ్య గౌరవం పెరిగింది.

ఇవ్వడానికీ అదే వర్తిస్తుంది. నాదంటూ లేనిదాన్ని నేను ఇవ్వలేను. త్యాగం, దానం, బహుమతి, చివరికి 'అంతా నీదే' అనే మాట కూడా, ముందు 'నాది' అనేది ఒకటి ఉంటేనే అర్థమున్న పనులు. నమ్మకం కూడా అంతే. వేరే దారి లేక ఉన్నచోట ఉండటాన్ని నమ్మకం అనలేం. వెళ్ళగలిగి ఉండీ ఉన్నప్పుడే, దాచుకోగలిగి ఉండీ చెప్పినప్పుడే అది నమ్మకం. అందుకే మొదటి ప్రశ్నని నేను తిరగేసి అడుగుతాను. లెక్కలే లేనిచోట నమ్మకం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇదంతా చదివి, త్వరలో ఎవరినో తమ దగ్గరికి రప్పించుకోబోతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి చెప్పాలనిపించింది ఒక్కటే. వచ్చే మనిషికి నువ్వు ఎంత ఇస్తావన్నది కాదు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి అనే ఏర్పాటే రోజూ జరక్కుండా చూడగలవా అన్నదే అసలు విషయం. విమానం టికెట్ కొనే ముందే లీజులో వాళ్ళ పేరు కూడా అద్దెదారుగా చేర్పించు. కరెంటు బిల్లు వాళ్ళ పేరు మీదికి మార్చు. పాస్‌పోర్టు మీద ఖాతా తెరిచే బ్యాంకు ఏదో కనుక్కుని ఉంచు. జీతంలో వాళ్ళ భాగం ఎంతో వాళ్ళు దిగకముందే ఇద్దరూ కూర్చుని అనుకోండి, దిగాక అడిగించకు. ఇవి ప్రేమలేఖల్లా కనిపించవు. కానీ వచ్చిన మనిషి మూడో నెలలో, ఎవరూ అడగని ప్రశ్నకి వంటింట్లో నిలబడి సమాధానం తయారు చేసుకోకుండా ఉంటే, అది వీటివల్లే.

మొన్న అమ్మకి ఎప్పటిలా పదిహేను వేలు పంపాను. "మీ ఆవిడకి చెప్పావా?" అని అడిగింది. చెప్పక్కర్లేదమ్మా అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "చెప్పు, చెప్తే బాగుంటుంది" అంది. ఆ సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. ఒక్క వాక్యం కూడా ముందే తయారు చేసుకోలేదు.